ఒకటిన్నర చుట్టు

ఆ బుధవారం పొద్దెక్కినా ఆకాశం తెరిపిన పడలేదు. మబ్బు బడి రేకుల మీదకి వంగి, కురవకుండా, తప్పుకోకుండా, లోపల ఎవరేం మాట్లాడుకుంటున్నారో వినడానికి ఆగినట్టు ఆగిపోయింది. గాలి లేదు. లేత్ తాత గేటు దాటుతూ ఒకసారి తలెత్తి చూశాడు. ఇది ఇవాళ ఏదీ తేల్చదు అనుకుని, జేబులో తాళంచెవి తడుముకుంటూ వర్క్‌షాపు వైపు నడిచాడు.

లేత్ తాత అన్నది పిల్లలు పెట్టిన పేరు. ముప్పై ఎనిమిదేళ్ళు ఫ్యాక్టరీలో లేత్ మిషన్ ముందు నిలబడి, రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే కాళ్ళనొప్పులు పుట్టుకొచ్చిన మనిషి. కూతురి కూతురు ఈ హైస్కూల్లో రోబో జట్టుకి కెప్టెన్. రెండేళ్ళ కిందట ఆ పిల్ల, "తాతా, మాకు ఇనుము కోయడం చేతకావట్లేదు, ఒక్కసారి వచ్చి చూపించవూ" అంటే ఒక్కరోజుకని వచ్చాడు. రెండో రోజు సైన్సు టీచరమ్మ వర్క్‌షాపు తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. అప్పట్నుంచీ ఉదయం తెరవడం, సాయంత్రం మూయడం ఆయన పనే. ఆ తాళంచెవి తొడకి తగులుతుంటే మనిషి నిటారుగా నడిచేవాడు.

తలుపు తీశాడు. కిటికీలు తెరిచాడు. మూలనున్న పాత డ్రిల్లింగ్ మిషన్ పట్టీని, దాని చేతి చక్రం తిప్పి బిగించి, స్విచ్ వేసి ఒక నిమిషం తిరగనిచ్చాడు. అది తిన్నగా పలికాక ఆపేశాడు. దాని పక్కనే బల్ల మీద కొంగ ఉంది.

కొంగ అంటే పిల్లల రోబో. నాలుగు చక్రాలు, నడుము ఎత్తున ఒక పొడుగాటి మెడ, మెడ చివర రెండు రేకుల ముక్కు. పోటీలో అది నేలమీద పడున్న రబ్బరు రింగుల్ని ముక్కుతో పట్టుకుని, మెడ ఎత్తి, నిలువు గడల మీద తొడగాలి. ఎత్తైన గడకి ఎక్కువ పాయింట్లు. మెడ ఎత్తేది పళ్ళున్న ఒక రబ్బరు పట్టీ. ఆ పట్టీ బిగువు సరిగ్గా ఉంటే కొంగ గడ మీదికి రింగుని పూలదండలా వేస్తుంది. వదులైతే పళ్ళు జారి, మెడ దభీమని వాలిపోతుంది. బిగువు సరిచేసినప్పుడల్లా పానాలు వెతుక్కోవాల్సి వస్తోందని తాతే పోయిన ఆదివారం దానికొక ఇత్తడి చేతి చక్రం చేసి పెట్టాడు. నమూనా కోసం ఎక్కడికో పోలేదు, పక్కనున్న డ్రిల్లింగ్ మిషన్ చక్రాన్నే చూసి అచ్చు గుద్దినట్టు చేశాడు.

అదేం శకునమో, ఆ మర్నాటి నుంచే మెడ జారడం మొదలుపెట్టింది.

ఏడింటికి పిల్లలొచ్చారు. వైర్ల పని చేసే కుర్రాడు నోరు మూయడు కాబట్టి వాడి పేరు రేడియో. రోబో బరువు హద్దు దాటకుండా చూసేవాడు, తనూ కాస్త బరువైనవాడే, వాడు తూకం. వెనకాల మనవరాలు. అందరికంటే చివర, నాలుగు నెలల కిందట ఊరవతలి బడి నుంచి వచ్చి చేరిన అమ్మాయి. వచ్చినప్పుడు కొత్తపిల్ల అన్నారు, ఇంకా అదే అంటున్నారు. కొంగని నడిపేది ఆమే.

కొత్తపిల్ల రిమోట్ అందుకుని మెడ ఎత్తింది. ఒకసారి లేచింది. రెండోసారి సగం లేచి, గరగరమని పళ్ళు జారి వాలిపోయింది.

"మూడో రోజు," అంది మనవరాలు.

"నిన్న వెళ్ళేముందు దీనికి ముద్దు కూడా పెట్టాను కదరా," అన్నాడు రేడియో.

"అందుకే మెడ వాల్చేసింది. నీ నోటి కంపు అలాంటిది," అన్నాడు తూకం.

తాత నవ్వలేదు. నిన్న సాయంత్రం పిల్లలు చూస్తుండగానే పట్టీ సరిగ్గా బిగించి, చక్రం అంచు మీదా దాని కింది చట్రం మీదా తెల్లరంగుతో ఒకే గీత గీశాడు. ఇప్పుడు చక్రం మీది గీత సరిగ్గా అటువైపుంది. చక్రం పట్టుకుని నెమ్మదిగా కుడికి తిప్పాడు. అర చుట్టుకి గీతలు కలిశాయి, పట్టీ ఇంకా మెత్తగానే ఉంది. ఇంకో చుట్టు తిప్పాక బిగిసింది.

"ఒకటిన్నర," అన్నాడు.

"సోమవారం కూడా ఒకటిన్నరే. నిన్నా అంతే. నేను పుస్తకంలో రాశాను," అంది మనవరాలు.

"అదురుకి వదులవుతోందేమో తాతగారూ," అంది అప్పుడే లోపలికొచ్చిన టీచరమ్మ.

తాత తలూపలేదు. "అదురుకి వదులైతే ఓ రోజు పావు చుట్టు పోతుందమ్మా, ఓ రోజు రెండు పోతుంది. పూటపూటా లెక్కపెట్టుకుని ఒకటిన్నరే పోదు. అదురుకి అంకెలు రావు."

"అంటే?"

"అంటే ఎవరిదో చెయ్యి. అదీ పని తెలిసిన చెయ్యి. పూర్తిగా ఊడదీస్తే ఎవరికైనా కనబడుతుంది. ఒకటిన్నర తిప్పితే పైకి ఏమీ తెలీదు. మొదటిసారి లేస్తుంది, రెండోసారి జారుతుంది. నలుగురిలో నిలబెట్టి పరువు తీస్తుంది."

ఆ మాటతో గదిలో గాలి మారింది. మామూలుగా పిల్లలు బల్ల చుట్టూ చేరితే ఎవరి మోచెయ్యి ఎవరికి తగులుతోందో పట్టించుకోరు. ఆ ఉదయం ఎవరి మోచేతులు వాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. ఎవరు పానా తీసినా మిగతా ముగ్గురి కళ్ళూ అటు తిరిగాయి. రేడియో కూడా పది నిమిషాలు మాట్లాడకుండా ఉన్నాడంటే ఇంక చెప్పేదేముంది.

మొదటి పోటీ పది రోజుల్లో ఉంది. ఈ ఏడాది పోటీలన్నింటికీ జట్టులో ఎవరెవరో నలుగురి పేర్లు శనివారం మధ్యాహ్నంలోగా పంపాలి. ఒకసారి పంపాక ఏడాదంతా ఆ పేర్లే. కొత్త పేరు చేర్చనివ్వరు.

*

తాతకి మనుషుల మొహాలకంటే చేతులే బాగా గుర్తుంటాయి. తూకం చేతులు పొట్టివి, పనికంటే ముందు వెళ్ళి పనికంటే వెనక వస్తాయి. రేడియో వేళ్ళ చివర్లు టంకం వేసి వేసి కాలిన మచ్చలు. మనవరాలివి తనవే, చిన్న అచ్చులో పోసినట్టు. కొత్తపిల్ల చేతులు మాత్రం ఆయనకి అంతుపట్టేవి కావు. తొందరపడవు, తడబడవు. ఏ మర బిగించినా ఆ పిల్ల పెదవులు కదులుతాయి. లెక్కపెడుతుంది. ఆ అవతలి బడిలో అలా నేర్పారట. పోయినేడు పోటీ గెలిచింది ఆ బడే.

లెక్కపెట్టే చెయ్యి. తాతకి ఆ మాట పంటి కింద రాయిలా తగిలింది.

సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఏడు వరకూ తలుపుకి తాళం. తాళంచెవి తన జేబులో. కాబట్టి ఏం జరిగినా సాయంత్రం సామాన్లు సర్దుకునే పావుగంటలోనే జరగాలి. ఆ పావుగంటలో కొంగ దగ్గర ఎవరుంటారు? కొత్తపిల్ల. రోజూ గుడ్డ పట్టుకుని ముక్కు నుంచి చక్రాల దాకా తుడిచి, చివరగా పోతుంది. ఇన్నాళ్ళూ అది శ్రద్ధ అనుకున్నాడు. ఇప్పుడు అదే వేరేగా కనిపించసాగింది.

ఆ మధ్యాహ్నం ఇరుసు ఒకటి సరిగ్గా కూర్చోవట్లేదని పిల్లలొస్తే, అరలోంచి నీలిరంగు డబ్బా తీశాడు. రెండు ఇనుప ముక్కలు ఎక్కడ రాసుకుంటున్నాయో కనిపెట్టడానికి ఫిట్టర్లు పూసుకునే ముద్ద అది. ఒక పుల్లతో ఇరుసుకి పలచగా పూయించి, లోపల పెట్టి తిప్పించి తీయించాడు.

"చూడండి, ఇదిగో ఇక్కడ అంటింది. తగిలేది ఇక్కడ. నోరు నూరు చెబుతుంది. ఇది తగిలిన చోట తప్ప అంటదు."

"చేతికంటితే?" అంది మనవరాలు.

"సబ్బుకి పోదు. కిరసనాయిలు గుడ్డతో రుద్దాలి. లేకపోతే నాలుగు రోజులు మోయాలి."

"మా చెల్లి మొహానికి పూస్తా," అన్నాడు రేడియో.

ఆ సాయంత్రం తాత పావుగంటసేపూ అరలు సర్దుతున్నట్టు నటిస్తూ కొత్తపిల్లనే చూశాడు. గుడ్డ మెడ మీద పాకింది, పట్టీ మీద పాకింది, చక్రం మీదా పాకింది. అప్పుడు ఆ పిల్ల వీపు ఇటు తిరిగి ఉంది. తిప్పిందో, తుడిచిందో ఆయనకి కనిపించలేదు. కనిపించనివ్వలేదు అనుకున్నాడు.

అందరూ వెళ్ళాక మూసేముందు ఎప్పటిలాగే గదంతా తిరిగాడు. కిటికీ గొళ్ళాలు, కుళాయి, మిషన్లు, మెయిన్ స్విచ్. కళ్ళు కిటికీల మీదున్నాయి, మనసు కొత్తపిల్ల వీపు మీదుంది. కాళ్ళూ చేతులూ వాటి పని అవి ముగించుకున్నాయి. తాళం వేసి రెండుసార్లు లాగి చూశాడు.

గురువారం ఉదయం చక్రం మళ్ళీ ఒకటిన్నర చుట్టు వదులు.

*

ఆ రోజు మధ్యాహ్నానికి తాత దవడ పన్ను భరించలేనంతగా సలిపింది. టీచరమ్మకి తాళంచెవి ఇచ్చి, "సాయంత్రం మీరే మూయండమ్మా, కొంగ మీద ఒక కన్నేసి ఉంచండి" అని చెప్పి పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాడు. ఆయన పన్ను పీకేసి, రెండు రోజులు నమలొద్దన్నాడు. ఇంటికొచ్చి కూతురు కలిపిచ్చిన జావ గ్లాసుతో తాగి, బుగ్గకి గుడ్డ కట్టుకుని పడుకున్నాడు.

శుక్రవారం ఉదయం టీచరమ్మ దగ్గర తాళంచెవి తీసుకుని తాత తలుపు తెరిచేసరికి, చక్రం మీది గీత చట్రం మీది గీతకి ఎదురుగా, పెట్టింది పెట్టినట్టే ఉంది. రేడియో రిమోట్ తీసుకుని మెడ ఎత్తాడు, దించాడు. ఇరవైసార్లు ఎత్తినా ఒక్క పన్ను జారలేదు. సంతోషించాల్సిన చోట తూకం తలుపు వైపు చూశాడు.

"నిన్న ఎవరు రాలేదు?" అన్నాడు తూకం, మెల్లగా.

ఎవరు రాలేదో అందరికీ తెలుసు. అప్పుడే ఆ రానిపిల్ల తలుపు దగ్గర చెప్పులు విడుస్తోంది.

"ఏంటందరూ అలా చూస్తున్నారు?" అంది.

"నిన్న నువ్వు రాలేదుగా," అన్నాడు రేడియో.

"అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. టీచర్‌కి చెప్పాను."

"చెప్పింది," అంది టీచరమ్మ. "అది కాదమ్మా. నిన్న నువ్వు లేవు. ఇవాళ మెడ జారలేదు."

ఆ పిల్లకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మొహం ఎర్రబడలేదు, పాలిపోయింది.

"ఓహో! ఆ బడిలో ఉన్నప్పుడు మా నాన్నకి ఇటు బదిలీ అవుతుందని తెలిసి, ఇటుపోయేదానివి నీకెందుకని చివరి రెండు నెలలు దేన్నీ ముట్టుకోనివ్వలేదు. ఇక్కడేమో అటునుంచి వచ్చినదాన్ని. ఇంక గోడ మీద కూర్చోమంటారా?"

ఆమె తాత వైపు తిరిగింది.

"తాతా, మీరు కూడా అలాగే అనుకుంటున్నారా?"

తాత ఆమె మొహం చూడలేదు. చేతులు చూశాడు. అవి ఊరికే వేలాడుతున్నాయి, వణకడం లేదు. వణికితే ఏమనుకునేవాడో గానీ, వణకనందుకు ఆయనకి ఇంకా నమ్మకం కుదిరింది.

"నేను ఎవరి పేరూ చెప్పలేదమ్మా. చక్రమే చెప్పింది," అన్నాడు, వాచిన బుగ్గలోంచి.

ఆయన అలా అన్నాక ఇంకెవరైనా ఏమంటారు? టీచరమ్మ గొంతు తగ్గించి, "రేపు పేర్లు పంపాలి. ఇవాళ్టికి నువ్వు ఇంటి దగ్గరే ఉండమ్మా. నేను ఆలోచించి ఫోన్ చేస్తాను" అంది. ఆ ఆలోచన ఎటు పోతుందో గదిలో అందరికీ తెలుసు. కొత్తపిల్ల తన సంచి తీసుకుంది. రిమోట్ వైరు చిక్కుపడి ఉంటే, పోతూ పోతూ దాన్ని విప్పి, చుట్ట చుట్టి, బల్ల మీద తిన్నగా పెట్టి మరీ పోయింది.

మధ్యాహ్నం మనవరాలు తాత పక్కకొచ్చి నిలబడింది.

"ఆమె తిప్పడం నువ్వు చూశావా తాతా?"

"చూడాలా?"

"చూడకుండా కొలత రాయొద్దని నువ్వే కదా చెప్పావు."

"నాకు నోరు నొప్పిగా ఉంది," అన్నాడు తాత.

మనవరాలు ఇంకేమీ అడగలేదు. ఆ పిల్లకీ తాత అలవాటే, మాట తగిలినప్పుడు మాట్లాడదు.

సాయంత్రం దాకా కొంగని రేడియో నడిపాడు. పది రింగులు ఎత్తితే ఆరు కింద పడ్డాయి. ఒకటి తూకం తలకి తొడిగాడు.

"నా తల గడలా కనిపించిందా?"

"గడ ఇంత లావుండదురా, అదే తేడా."

నవ్వులు వచ్చాయి గానీ నిలబడలేదు. అందరికంటే వెనక మనవరాలు వెళ్ళింది. తాత తాళం వేసి, ఖాళీగా ఉన్న దారి వైపు చూసి, ఇంక పీడ విరగడైంది అనుకున్నాడు. అనుకున్నంత తేలిగ్గా మాత్రం ఊపిరి అందలేదు.

*

శనివారం బడి లేదు. మబ్బు మాత్రం బుధవారం నుంచి అదే చోట ఉంది. ఏడింటికి అందరూ వచ్చారు. రేడియో మెడ ఎత్తాడు. రెండోసారికి గరగరమని వాలిపోయింది.

చక్రం మీది గీత మళ్ళీ సరిగ్గా అటువైపుంది, తాత తిప్పి చూడబోతే ముట్టుకోవద్దని మనవరాలు ఆయన చెయ్యి ఆపింది. ఒకటిన్నర.

"ఆమె లేదుగా," అన్నాడు తూకం.

"కిటికీ," అన్నాడు తాత. అన్నాక ఆయనకే ఆ మాట అతికినట్టు అనిపించలేదు. గొళ్ళాలన్నీ నిన్న వేసిందీ, పొద్దున తీసిందీ తనే. మళ్ళీ వెళ్ళి ఒక్కొక్కటీ లాగి చూశాడు. ఒక్కటీ వంగలేదు, విరగలేదు. వెనక్కి తిరిగి గదిలో ఉన్నవాళ్ళని చూశాడు. రేడియోకి రిమోట్ దొరికింది కదా, వాడికి ఆశ పుట్టిందేమో? టీచరమ్మ దగ్గర ఇంకో తాళంచెవి ఉందేమో? చివరికి కన్ను మనవరాలి దగ్గర ఆగింది. నిన్న అందరికంటే వెనక పోయింది అది కాదూ? ఆ తలపు వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

మనవరాలు బల్ల ముందుకొచ్చింది.

"అందరూ చేతులు చూపించండి."

"ఎందుకు?"

"నిన్న వెళ్ళేముందు చక్రం అంచు కింద, వేళ్ళు పట్టే చోట, నీలం పూశాను. ఎవరికీ చెప్పలేదు. తాతకి కూడా."

ఆ పిల్ల కొంగని కాస్త వంచి చక్రం కింది వైపు చూపించింది. పలచగా పూసిన నీలం మీద మూడు వేళ్ళు జారిన గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. ఒకటి లావుగా, రెండు సన్నగా.

తూకం చేతులు తిప్పి తిప్పి చూపించాడు. రేడియో పది వేళ్ళూ చాపి, "మసి ఉంది, టంకం ఉంది, కావాలంటే నిన్నటి సిరా ఉంది, నీలం లేదు" అన్నాడు. టీచరమ్మ కూడా చాపింది. సుద్ద తప్ప ఏమీ లేదు. మనవరాలు తనవీ చూపించింది.

"తాతవి?" అన్నాడు తూకం.

"ఆయనవి చూడక్కర్లేదురా. అవి పుట్టినప్పట్నుంచీ నల్లగానే ఉన్నాయి," అన్నాడు రేడియో.

"ఇక మిగిలింది ఆమే," అంది టీచరమ్మ. "ఫోన్ చేస్తాను. వచ్చి చేతులు చూపించమంటాను. పన్నెండులోగా పేర్లు పంపాలి. ఏదో ఒకటి తేలిపోవాలి." ఆమె ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళింది. పిల్లలు గోడకి చేరి గుసగుసలాడుకున్నారు.

కిటికీలు లాగిన చేతులకి దుమ్మూ గ్రీజూ కలిసి అంటుకుంటే, తాత మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో రుద్దుకున్నాడు. నల్లటి నీళ్ళు పోయాయి. మళ్ళీ రుద్దాడు. గ్రీజు పోయినకొద్దీ బొటనవేలి పగుళ్ళలోంచి, పక్క రెండు వేళ్ళ గోళ్ళ కిందనుంచి నీలం తేలింది.

ముందు ఏమీ అనిపించలేదు. బుధవారం ఇరుసు పనిలో అంటిందేమో అనుకున్నాడు. కానీ బుధవారం పూసింది పిల్లలు, పుల్లతో. ఆయన డబ్బా మూత తప్ప ముట్టుకోలేదు.

నీళ్ళు పోతూనే ఉన్నాయి. కుళాయి కట్టాడు. తడి చేతుల్తోనే నాలుగడుగులు వేసి డ్రిల్లింగ్ మిషన్ దగ్గర నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. సాయంత్రం ఆరు అనుకున్నాడు. ఫ్యాక్టరీ సైరన్ అనుకున్నాడు. చెయ్యి దానంతట అదే లేచి, చక్రం పట్టుకుని, ఎడమకి తిప్పింది. ఒకటి. ఒకటిన్నర. ఆగింది.

పనిలో చేరిన మొదటి రోజు మేస్త్రీ నేర్పింది అదే. పట్టీ తెల్లవార్లూ బిగువు మీదుంటే సాగిపోతుంది, దిగేముందు వదిలెయ్యాలి. ఎక్కువ వదిలితే ఊడిపోతుంది, తక్కువ వదిలితే లాభం లేదు. ఒక సాయంత్రం మర్చిపోతే మేస్త్రీ వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్ళలో మళ్ళీ మర్చిపోలేదు. ఇక్కడ ఈ మిషన్ పట్టీనీ రోజూ సాయంత్రం అలాగే వదులుతున్నాడు. ఉదయం మొదలెట్టేటప్పుడు బిగిస్తున్నాడు. ఉదయం మిషన్ మొదలెట్టేది తను. కొంగని మొదలెట్టేది పిల్లలు. దాని పక్కనే దాని చక్రంలాంటి చక్రం చేసి పెట్టింది ఎవరు? గురువారం సాయంత్రం ఇక్కడ లేనిది ఆ పిల్ల ఒక్కతేనా? ఇంకెవరు లేరు?

మిషన్ పట్టుకుని నిలబడ్డాడు.

కుళాయి గట్టు మీద కిరసనాయిలు సీసా ఉంది. దాని మూతికి గుడ్డ చుట్టి ఉంది. నాలుగడుగుల దూరం. రెండుసార్లు రుద్దితే చాలు. పిల్లలు ఇటు చూడటం లేదు. టీచరమ్మ ఫోన్‌లో ఉంది. రేపట్నుంచి చెయ్యి అదుపులో పెట్టుకుంటే మెడ జారదు. ఎందుకు జారిందో ఎవరికీ ఎప్పటికీ తెలీదు. తాళంచెవి జేబులోనే ఉంటుంది. ఆ పిల్ల పేరు మాత్రం ఏడాదంతా ఉండదు.

తాత సీసా దాకా వెళ్ళాడు. మూతికి చుట్టిన గుడ్డ పట్టుకున్నాడు కూడా. బల్ల మీద, నిన్న ఆ పిల్ల చుట్ట చుట్టి పెట్టిన వైరు కనిపించింది. అంతటి అవమానంలోనూ ఎవరో తర్వాత చిక్కుపడకూడదని విప్పి పెట్టిన వైరు. రేడియో వాడాక అది మళ్ళీ పేగుల్లా పడుంది. గుడ్డ వదిలేశాడు.

*

కొత్తపిల్ల పరుగున వచ్చినట్టుంది, జుట్టు చెదిరి ఉంది. గడప దాటుతూనే రెండు చేతులూ ముందుకు చాపి, ఎవరినీ చూడకుండా బల్ల మీద పెట్టింది.

"చూసుకోండి. ముందూ చూడండి, వెనకా చూడండి. గోళ్ళు కూడా తీసిమ్మంటారా?"

తెల్లగా ఉన్నాయి. మనవరాలు వంగి చూసి గట్టిగా ఊపిరి వదిలింది. టీచరమ్మ నోరు తెరిచేలోపు తాత వచ్చి, తన కుడి చెయ్యి ఆ చేతుల పక్కన పెట్టాడు. అరచెయ్యి పైకి తిప్పాడు.

అందరూ బల్ల మీదికి వంగారు. రేడియో అందరికంటే ముందు.

"తాతా!" అంది మనవరాలు.

"నేనే. రోజూ నేనే," అన్నాడు. "తెలిసి కాదు. ఫ్యాక్టరీలో దిగేముందు పట్టీ వదిలేవాళ్ళం. ఆ చక్రమూ ఈ చక్రమూ చేతికి ఒకటే అయిపోయాయి. నిన్న మూసేటప్పుడు కూడా తిప్పాను. తిప్పినట్టు ఇప్పటికీ గుర్తు లేదు." కొత్తపిల్ల వైపు తిరిగాడు. "అయితే, తెలియక తిప్పాను గానీ, నిన్ను అన్నది మాత్రం తెలిసే అన్నానమ్మా. చూడకుండా అన్నాను. అది తప్పు."

కొత్తపిల్ల ఆయన వేళ్ళకేసి చూస్తోంది.

"నిన్న ఇంటికెళ్ళాక," అంది, "నేనే ఏమైనా తిప్పేశానేమో, నాకే తెలీకుండా, అని తెల్లవార్లూ ఆలోచించాను తాతా. తుడిచేటప్పుడు చెయ్యి తగిలిందేమో అని. నా చేతుల్ని నేనే నమ్మలేదు."

తాత జేబులోంచి తాళంచెవి తీసి టీచరమ్మ ముందు పెట్టాడు.

"అదేంటి తాతగారూ, ఈ మాత్రానికి..."

"ఉంచండమ్మా."

టీచరమ్మ తాళంచెవిని ముట్టుకోలేదు. కాగితం తీసి, నాలుగు పేర్లు రాసి, అందరికీ కనిపించేలా బల్ల మీద పెట్టింది. నడిపేవారు అన్న చోట కొత్తపిల్ల పేరు ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. సరేనని అనలేదు, కాదనీ అనలేదు. కొంగ దగ్గరికి వెళ్ళి, చక్రం అంచు కింది నీలం గుడ్డతో తుడిచి, పెదవులు కదుపుతూ తిప్పింది. గీతలు కలిశాక రిమోట్ తీసుకుంది. వైరు చూసి, "ఎవడ్రా దీన్ని ఇలా చేసింది?" అంది.

"రేడియో," అన్నారు ఇద్దరు.

మెడ లేచింది. రింగు గడ మీద కూర్చుంది. ఇంకోటి, ఇంకోటి. తొమ్మిది రింగులు తొడిగాక రిమోట్ పక్కన పెట్టి, బల్ల దగ్గరికొచ్చి తాళంచెవి తీసుకుంది.

"సాయంత్రం తాళం నేను వేస్తాను. తాతా, మీరు బయట నిలబడండి. ఉదయం మాత్రం మీరే తెరవాలి."

"అలాగేనమ్మా," అన్నాడు తాత.

పన్నెండు కొట్టేలోపు టీచరమ్మ పేర్లు పంపేసింది. తూకం అందరి డబ్బాలూ తెచ్చి పొడుగు బల్ల మీద పాత కాగితాలు పరిచి పెట్టాడు. కొత్తపిల్ల తొందరలో ఏమీ తెచ్చుకోలేదు. మనవరాలు తన డబ్బా మూతలో సగం అన్నం తీసి ఆమె ముందుకి జరిపింది. తాత బల్ల చివర కూర్చున్నాడు. కూతురు ఇవాళ నమలొచ్చని అన్నం, ఉడికించిన గుడ్డు పెట్టింది. మూత తీశాడు గానీ చెయ్యి పెట్టలేకపోయాడు. నీలం అలాగే ఉంది.

కొత్తపిల్ల లేచింది. కుళాయి దగ్గరికి వెళ్ళి, సీసా వంచి గుడ్డ తడిపి, తెచ్చి ఆయన డబ్బా పక్కన పెట్టింది. మళ్ళీ తన చోట కూర్చుని ముద్ద కలుపుకుంది.

తాత ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. సబ్బుతో కడుక్కొచ్చి కూర్చున్నాడు. ఎంత కడిగినా కిరసనాయిలు వాసన పోలేదు, ప్రతి ముద్దలోనూ తగిలింది. ఎడమ దవడతో నెమ్మదిగా నమిలాడు. రేడియో ఒకసారి నోరు తెరిచి, మనవరాలు చూసిన చూపుకి అందులో ముద్ద పెట్టుకున్నాడు. రేకుల మీద మొదటి చినుకులు పడ్డాయి. ఎవరూ తలెత్తలేదు. తాత మెతుకు మిగలకుండా తిన్నాడు.